కొత్త ఇటాలియన్ బండా, పాత క్లాసిక్కా? కొనేముందు తేల్చుకోవలసిన సంగతులు

షోరూములో కొత్త ఇటాలియన్ బండిని చూసి వచ్చినవారికి ఆ రాత్రి నిద్ర పట్టదు. ఎవరి దగ్గరో పాత బ్రిటిష్ బండి, ట్రయంఫో నార్టనో, అమ్మకానికి ఉందని తెలిసినా అంతే. చాలామంది ఈ రెండింటినీ ఒకే తక్కెడలో వేసి ఎంత వేగం, ఎంత ధర, ఏది అందం అని తూచడం మొదలుపెడతారు. అలా తూస్తే ఎన్నాళ్లయినా తేలదు. నేను మొదట అడిగే ప్రశ్న వేరు: బండి ఆగిపోతే దాన్ని బాగుచేసేది ఎవరు? మీరా, మీకు బాగా తెలిసిన మెకానిక్కా, కంపెనీ సర్వీసు కేంద్రమా? దీనికి జవాబు దొరికితే ఎంపికలో సగం పని అయిపోయినట్టే.

నా దగ్గర కొత్తగా కొన్న మోటో గుజ్జి వి7 ఉంది. దాని పక్కనే 1960ల చివరి నాటి ట్రయంఫ్ బోనవిల్ ఉంది. హోండా సీబీ750నూ నార్టన్ కమాండోనూ స్నేహితుల దగ్గర నడిపాను, వాటి మరమ్మతుల్లో చేయి వేశాను. అందువల్ల ఇక్కడి పోలిక ఎక్కువగా వి7, బోనవిల్ చుట్టూ తిరుగుతుంది. మిగతా బండ్లను అవసరమైన చోట ప్రస్తావిస్తాను.

ఇటాలియన్ బండ్లన్నీ ఒక కోవకు చెందవు

కొత్త ఇటాలియన్ బండి అనగానే చాలామంది కళ్లముందు ఎర్రటి డుకాటి మెదులుతుంది. కానీ ఆ దేశపు కంపెనీల మధ్య స్వభావంలో చాలా తేడా ఉంది. 1921లో మొదలై, కోమో సరస్సు ఒడ్డున మాండెల్లో డెల్ లారియోలో నేటికీ బండ్లు తయారుచేస్తున్న మోటో గుజ్జి, వి7కు గాలితో చల్లబడే ఇంజనునే అట్టిపెట్టుకుంది. 2021 మోడలులో అది 853 సీసీ, 65 హార్స్‌పవర్. ఒక్కో సిలిండరుకు రెండే వాల్వులు, వాటిని కదిలించే పుష్‌రాడ్లు, స్క్రూ తిప్పి వాల్వు ఖాళీని సరిచేసుకునే ట్యాపెట్లు. సిలిండర్లు ట్యాంకుకు చెరోవైపు బయటికి పొడుచుకొని ఉంటాయి కాబట్టి హెడ్డు కవరు విప్పడానికి ట్యాంకు దించే పని లేదు. చైను కూడా లేదు, వెనక చక్రం షాఫ్టుతో తిరుగుతుంది. 703 సీసీతో మొదటి వి7 1967లో అమ్మకానికి వచ్చింది. ఇన్నేళ్లలో లోపలి భాగాలన్నీ మారిపోయినా, 90 డిగ్రీల వి-ట్విన్‌ను ఫ్రేములో అడ్డంగా కూర్చోబెట్టిన ఆ అమరిక మాత్రం అలాగే ఉంది.

డుకాటి దారి వేరు. మామూలు ఇంజన్లలో వాల్వును మూసేది స్ప్రింగు. డెస్మోడ్రోమిక్ పద్ధతిలో ఆ పనిని మరో రాకర్ ఆర్ము చేస్తుంది. ఇంజనీరు ఫాబియో తాల్యోని దీన్ని 1956లో డుకాటి రేసు బండికి అమర్చాడు, 1968లో రోడ్డు మీది బండ్లకూ వచ్చింది. ఇంజను ఎంత వేగంగా తిరిగినా వాల్వు తన పని తప్పదు. దానికి తగ్గ సేవ మాత్రం అడుగుతుంది. తెరిచే వైపూ మూసే వైపూ విడివిడిగా ఖాళీ కొలిచి, షిమ్ములనే పలుచటి బిళ్లలు మార్చి సరిచేయాలి. 803 సీసీ స్క్రాంబ్లరుకు ఈ తనిఖీ ప్రతి 12,000 కిలోమీటర్లకు వస్తుంది. మల్టీస్ట్రాడా వి4లో కంపెనీ మళ్లీ స్ప్రింగులకు వెళ్లింది కనుక అక్కడ అదే తనిఖీ 60,000 కిలోమీటర్లకు గానీ రాదు. ఒకే పేరు కింద ఇంత తేడా ఉంది. కాబట్టి డుకాటి కొనేవారు ధర కంటే ముందు, తమకు నచ్చిన మోడలుకు వాల్వు తనిఖీ ఎన్ని కిలోమీటర్లకో, కామ్‌ను (వాల్వులను ఆడించే కడ్డీని) తిప్పే బెల్టులు ఉంటే అవి ఎన్నేళ్లకు మార్చాలో కనుక్కోవాలి. బెల్టుకు కిలోమీటర్లతో పాటు వయసు కూడా లెక్కే. బండిని ఎక్కువగా ఇంట్లోనే ఉంచేవారు ఈ సంగతిని తరచుగా మరిచిపోతారు.

ఏప్రిలియా ఆర్ఎస్ 660 వంటివి ఎలక్ట్రానిక్స్ నిండిన చురుకైన బండ్లు. 659 సీసీ నుంచి సుమారు 100 హార్స్‌పవర్ తీస్తాయి. ఎంవి అగుస్టా సూపర్‌వెలోచే ముందు నిలబడితే ఎవరికైనా మాట పడిపోతుంది, అంత అందం. కానీ ఆ కంపెనీ యాజమాన్యం గత కొన్ని దశాబ్దాల్లో పలుమార్లు చేతులు మారింది. అటువంటి బండి కొనేముందు దగ్గరలో డీలరు ఉన్నాడా, అతని దగ్గర విడిభాగాలు నిల్వ ఉంటాయా అని రెండుసార్లు విచారించుకోవాలి. క్లాసిక్ బండ్ల మీద మక్కువ ఉండి కొత్తది కొందామనుకునేవారికి వి7 అన్నిటికంటే దగ్గరి చుట్టం. దాని తరువాత డుకాటి స్క్రాంబ్లర్. ఏప్రిలియా, ఎంవిలను పాత బండ్లతో పోల్చడంలో అర్థం లేదు, వాటిని కోరుకునే మనసే వేరు.

బండిని లేపడం

రెండింటి తేడా మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. బోనవిల్‌ను ఉదయం లేపడానికి ఒక వరుస ఉంది. ముందు పెట్రోలు ట్యాపులు తెరవాలి. తరువాత రెండు ఆమల్ కార్బురేటర్ల మీద ఉన్న చిన్న మీటలను, వేలికి పెట్రోలు తడి తగిలేదాకా నొక్కి పట్టుకోవాలి. రాత్రంతా నిలిచిన క్లచ్చు ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కొని ఉంటాయి, అందుకని క్లచ్చు లివరు పట్టుకొని, తాళం తిప్పకుండానే కిక్కును రెండు మూడుసార్లు తొక్కి వాటిని విడదీయాలి. అప్పుడు తాళం తిప్పి, పిస్టన్లు బరువెక్కే చోటు కాలికి తెలిసేదాకా కిక్కు మెల్లగా నొక్కి, అక్కడి నుంచి శరీరం బరువంతా వేసి ఒక్క తొక్కు తొక్కాలి. సరిగ్గా అమర్చిన బండి మొదటి తొక్కుకో రెండో తొక్కుకో లేస్తుంది. పదిసార్లు తొక్కినా లేవలేదంటే బండి ఏదో చెబుతోందన్నమాట. ప్లగ్గు తడిసిందా, నిప్పురవ్వను పుట్టించే పాయింట్లు అరిగాయా, ఆ రవ్వ పడే టైమింగు తప్పిందా అని వెతకాలి.

వి7లో తాళం తిప్పగానే ట్యాంకులోని పెట్రోలు పంపు రెండు క్షణాలు సన్నగా మోగుతుంది. బటను నొక్కితే ఇంజను లేస్తుంది. చలిలోనైనా, నెల రోజులు నిలిచిన తరువాతైనా అంతే. నిలబడి ఉన్నప్పుడు యాక్సిలరేటరు ఒక్కసారి తిప్పి వదిలితే బండి మొత్తం ఒక పక్కకు ఊగుతుంది. క్రాంక్‌షాఫ్టు బండి పొడవునా తిరుగుతుంది కాబట్టి దాని ప్రతిచర్య పక్కకు వస్తుంది. పాత గుజ్జిలకూ ఉన్న ఈ ఊపును కంపెనీ కొత్త బండిలోనూ అలాగే ఉంచినందుకు నాకు నిజంగా సంతోషం. వేడెక్కిన ఇంజను, ఎండిన రోడ్డు, ముందున్న రోజంతా ఖాళీ అన్నప్పుడు బోనవిల్‌ను లేపడంలో ఉన్న తృప్తి వి7లో లేదు. అదే రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు పనికి వెళ్లవలసినవారికి ఆ తృప్తి వారంలోనే భారమవుతుంది.

రోడ్డు మీద

ముందుగా ప్రాణానికి సంబంధించిన విషయం, బ్రేకులు. వి7 ముందు చక్రానికి 320 మిల్లీమీటర్ల డిస్కు, బ్రెంబో కాలిపరు, ఏబీఎస్ ఉన్నాయి. యూరప్‌లో 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్‌ను 2016లో కొత్త మోడళ్లతో మొదలుపెట్టి తప్పనిసరి చేశారు. బోనవిల్‌కు ఉన్నది డ్రమ్ము బ్రేకు. 1968లో రెండు లీడింగ్ షూలు పెట్టాక అది ఆ కాలానికి మంచి బ్రేకు అనిపించుకుంది. ఇప్పటి రద్దీలో, ముందు వెళ్తున్న కారు ఒక్కసారిగా ఆగితే, ఆ బ్రేకును నమ్ముకొని అంత దగ్గరగా వెళ్లకూడదు. 1969లో హోండా సీబీ750కి ముందు డిస్కు వచ్చింది గానీ, ఆ తరం స్టీలు డిస్కులు వానలో తడిస్తే లివరు నొక్కాక పట్టు అందడానికి ఒక క్షణం ఆలస్యమవుతుంది. పాత బండి నడిపేవారు ముందున్న వాహనానికి ఎప్పుడూ రెట్టింపు దూరం పాటించాలి. ఈ అలవాటు లేనివారికి, కొత్తగా బండి నేర్చుకుంటున్నవారికి మొదటి బండిగా క్లాసిక్ వద్దని గట్టిగా చెబుతాను.

రెండో ప్రమాదం పాదాల దగ్గర ఉంది. 1970ల మధ్యవరకు బ్రిటిష్ బండ్లలోనూ చాలా ఇటాలియన్ బండ్లలోనూ గేరు కుడి కాలికి, వెనక బ్రేకు ఎడమ కాలికి ఉండేవి. అమెరికాలో 1975 మోడళ్ల నుంచి ఎడమ గేరు తప్పనిసరి అయ్యాక ప్రపంచమంతా దానికే మారింది. కొన్ని పాత బండ్లలో గేరు వరుస కూడా తలకిందులుగా ఉంటుంది. మామూలుగా నడుపుతున్నప్పుడు మెదడు సర్దుకుంటుంది. ఉన్నట్టుండి బ్రేకు వేయవలసినప్పుడు పాదం పాత అలవాటుకే పోతుంది. ఒకే రోజు రెండు రకాల బండ్లను మార్చి మార్చి నడపకపోవడం మంచిది. ఇంట్లో రెండూ ఉంటే, పాతదాన్ని బయటికి తీసిన రోజు ఖాళీ వీధుల్లో కాసేపు తిరిగి, తరువాత పెద్ద రోడ్డెక్కాలి.

బలం సంగతికి వస్తే, 649 సీసీ బోనవిల్ 1959లో వచ్చినప్పుడు కంపెనీ చెప్పుకొన్న లెక్క 46 హార్స్‌పవర్. సీబీ750ది 67. అంటే కాగితం మీద 1969 నాటి హోండాకూ నేటి వి7కూ పెద్ద తేడా లేదు. తేడా ఆ బలం వచ్చే తీరులో ఉంది. 2021 మోడలు వి7 తక్కువ ఆర్‌పీఎంలోనే, 5,000 దగ్గర 73 న్యూటన్ మీటర్ల టార్కు అందిస్తుంది కాబట్టి గేరు మార్చకుండానే ఎత్తెక్కుతుంది. బోనవిల్‌కు తేలికదనం అండ. ఆయిలు, పెట్రోలు పోయకముందు దాని బరువు సుమారు 165 కిలోలు, వి7 పెట్రోలుతో కలిపి 220 కిలోలకు దగ్గర. ఇరుకు చోట చేత్తో తోసి తిప్పేటప్పుడు ఆ తేడా భుజాలకు తెలుస్తుంది. మలుపుల్లో బోనవిల్ పిట్టలా వాలుతుంది. కానీ గంటకు తొంభై దాటి చాలాసేపు పోతే హ్యాండిలులో వణుకు అరచేతులకు ఎక్కి, దిగాక కూడా వేళ్లలో జివ్వుమంటూనే ఉంటుంది. రెండు పిస్టన్లూ కలిసే లేచి కలిసే దిగే ఇంజనుకు అది సహజం. నార్టన్ కమాండో ఈ వణుకును అణచడానికి ఇంజనును రబ్బరు మౌంట్ల మీద కూర్చోబెట్టింది. ఐసోలాస్టిక్ అనే ఆ పద్ధతి సరిగా సర్దినంతకాలం అద్భుతంగా పనిచేస్తుంది, రబ్బరు అరిగితే మలుపుల్లో బండి వెనకభాగం వేరే దారి పట్టినట్టుంటుంది.

రాత్రి ప్రయాణాలు చేసేవారికి ఒక్క మాట చాలు: పాత డైనమోల, ఆల్టర్నేటర్ల వెలుతురు ఇప్పటి రోడ్లకు చాలదు.

ఆగిపోయినప్పుడు

మొదట అడిగిన ప్రశ్న అసలు పనికొచ్చేది ఇక్కడే. పాత బండి ఆగితే వెతకవలసినవి మూడే: పెట్రోలు వస్తోందా, నిప్పు వస్తోందా, కంప్రెషన్ (సిలిండరులో ఒత్తిడి) ఉందా. ప్లగ్గు విప్పి సిలిండరు హెడ్డుకు ఆనించి కిక్కు తొక్కితే నిప్పురవ్వ కంటికి కనిపిస్తుంది, లేదా కనిపించదు. కనిపించకపోతే పాయింట్ల కవరు తీసి, ఫీలర్ గేజితో, అంటే సన్నటి కొలత రేకులతో, ఖాళీ చూడాలి. 0.35 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. పాయింట్ల ముఖం నల్లబడితే సన్నటి ఎమరీ కాగితంతో రుద్దితే చాలు. రోడ్డు పక్కన, జేబులో పట్టే సామానుతో ఈ పని అయిపోతుంది. లోపం కంటికి కనిపించడం, వేలికి తగలడం పాత బండి ఇచ్చే గొప్ప వరం.

కానీ ఆ వరం కోసం చదువుకోవాలి. 1960ల చివరివరకు బ్రిటిష్ బండ్ల నట్లు విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలతల్లో ఉండేవి, మామూలు మిల్లీమీటర్ల స్పానర్లు వాటికి పట్టవు. బలవంతంగా తిప్పితే నట్టు మూలలు గుండ్రమైపోతాయి. బోనవిల్ వైరింగులో బ్యాటరీ పాజిటివ్ వైపు ఫ్రేముకు కలుస్తుంది, ఇప్పటి బండ్లన్నిటిలో నెగటివ్ కలుస్తుంది. ఇది తెలియని మెకానిక్కు బ్యాటరీ మార్చి తిరగేసి బిగిస్తే రెక్టిఫయరు మాడిపోతుంది. ఆయిలు కారడం గురించి అందరూ విన్నదే. దానికి కారణం సోమరితనం కాదు, ఆ ఇంజన్ల కింది పెట్టె, క్రాంక్‌కేసు, నిలువునా రెండు ముక్కలై ఉండటం. అతుకు ఆయిలు మట్టం కిందిదాకా వస్తుంది. హోండా తన కేసును అడ్డంగా చీల్చి, అతుకును ఆయిలు మట్టానికి పైన ఉంచడంతో ఆ తలనొప్పి చాలావరకు పోయింది. ముఖాలు నున్నగా సరిచేసి, మంచి సీలెంటు వాడి ఓపికగా బిగిస్తే బోనవిల్ కూడా పొడిగానే ఉంటుంది.

వి7 ఆగడం చాలా అరుదు. ఆగితే మాత్రం పరిస్థితి వేరు. ఒక సెన్సరు, ఒక రిలే, ట్యాంకు లోపలి పెట్రోలు పంపు, తాళంలోని, దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజరు చిప్పు, వీటిలో ఏది పోయినా బయటికి ఇంజను శుభ్రంగా, నిశ్శబ్దంగా కనిపిస్తుంది. లోపం చదవడానికి డయాగ్నస్టిక్ పరికరం కావాలి. ఫ్యూజులు చూడటం, బ్యాటరీ టెర్మినళ్లు బిగించడం వరకే మన చేతిలో ఉంది, ఆపై ట్రక్కు పిలిపించుకోవాలి. నేను వి7కు మొగ్గడానికి ఒక కారణం, ఇంత ఎలక్ట్రానిక్స్ ఉన్నా ఆయిలు మార్చడం, ట్యాపెట్లు సర్దడం వంటి ఇంజను పని ఇంట్లో చేసుకోవచ్చు. వారంటీ ఉన్నంతకాలం సర్వీసు పుస్తకంలో ముద్ర పడటం ముఖ్యం కనుక అప్పటిదాకా చేతులు కట్టుకోవాలి, అంతే. చాలా కొత్త బండ్లలో ట్యాపెట్లు చూడాలంటే ట్యాంకు, ఎయిర్ బాక్సు, రేడియేటరు దించి, సగం బండిని నేల మీద పరచవలసి వస్తుంది.

రోజువారీ సేవలోనూ తేడా ఎక్కువే. వి7కు 10,000 కిలోమీటర్లకొకసారి సర్వీసు. బోనవిల్‌కు పుస్తకం ప్రకారం 1,500 మైళ్లకే, అంటే సుమారు 2,400 కిలోమీటర్లకే ఆయిలు మార్చాలి. దానికి కాగితం ఫిల్టరు లేదు, తీగ జల్లెడలే ఉన్నాయి. మురికిని పట్టేది క్రాంక్‌షాఫ్టు లోపలి ఒక గొట్టం. అక్కడ దశాబ్దాల మడ్డి పేరుకొని నిండితే ఆయిలు బేరింగులకు అందక ఇంజను పోతుంది. శుభ్రం చేయాలంటే ఇంజను మొత్తం విప్పాలి. అందుకే పాత ట్రయంఫ్ అమ్మేవారిని నేను మొదట అడిగేది రంగు గురించో కిలోమీటర్ల గురించో కాదు, ఆ మడ్డి గొట్టం చివరిసారి ఎప్పుడు శుభ్రం చేశారని. తడబడకుండా జవాబు చెప్పి, ఆ పనికైన బిల్లు చూపించేవారి దగ్గర కొనవచ్చు.

విడిభాగాలు, పెట్రోలు, డబ్బు

పాత బండికి సామాను దొరకదని భయపడేవారు ఎక్కువ. ఇందులో నిజం సగమే. లక్షల్లో అమ్ముడైన మోడళ్లకు దాదాపు ప్రతి భాగమూ నేటికీ కొత్తగా తయారవుతోంది. బోనవిల్‌కు పిస్టన్ల నుంచి గాస్కెట్ల వరకు దొరుకుతాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 1955 నుంచి దశాబ్దాల పాటు చెన్నైలో తయారైంది కనుక దాని సామానుకు కొదవే లేదు. కష్టమంతా అరుదైన బండ్లతోనే. బ్రెగాంజెలో తయారైన లవెర్డా 750 గానీ, మోటో మొరీని 3½ మోడలు గానీ అద్భుతమైన యంత్రాలు, కానీ ఒక చిన్న భాగం కోసం నెలల తరబడి ఎదురుచూడవలసి రావచ్చు. బెవెల్ గేర్లతో కామ్‌ను తిప్పే 1971 నాటి డుకాటి 750 జీటీ నాకు ప్రపంచంలో అన్నిటికంటే అందంగా కనిపించే ఇంజన్లలో ఒకటి. ఆ గేర్లను షిమ్ములతో సరిగ్గా కూర్చగల నిపుణుడు తెలిసి ఉంటే తప్ప దాన్ని కొనవద్దు.

పెట్రోలు గురించి ఎవరూ ముందుగా చెప్పరు. ఇప్పుడు చాలాచోట్ల పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను, సీళ్లను మెత్తబరుస్తుంది, 1970ల ఫైబర్‌గ్లాస్ ట్యాంకుల లోపలి రెసిన్‌ను కరిగించగలదు. కరిగిన ఆ జిగురు కార్బురేటర్లలో, వాల్వు కాండాల మీద చేరుతుంది. ఫైబర్‌గ్లాస్ ట్యాంకున్న బండి కొంటే లోపల పూత వేయించుకోవాలి, లేదా లోహపు ట్యాంకు పెట్టించుకోవాలి. నెలల తరబడి నిలిపేటప్పుడు కార్బురేటరు గిన్నెలు ఖాళీ చేయాలి. కొత్త బండ్ల గొట్టాలు ఈ పెట్రోలుకు తగ్గట్టే తయారవుతాయి.

డబ్బు లెక్క సులభం. కొత్త బండి విలువ మొదటి రెండు మూడేళ్లలో వేగంగా పడిపోతుంది. పేరున్న క్లాసిక్ విలువ ఎప్పుడో పడి, మళ్లీ లేచి నిలబడింది. అయితే పాత బండి విలువ నిలబడటానికి మీరు ఏటా ఎంతోకొంత ఖర్చు పెడుతూనే ఉండాలి. దాన్ని పెట్టుబడిగా చూపించి అమ్మేవారి మాటలు వినవద్దు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, బండికి పొదుపంతా పోసి స్పానర్లకు, మాన్యువల్‌కు, కొత్త టైర్లకు వెనకాడకూడదు. కొన్న ధర మీద ఐదోవంతైనా మొదటి ఏడాది మరమ్మతులకు పక్కన పెట్టుకోమని నా సలహా.

చూడటానికి వెళ్లినప్పుడు

పాత బండిని చూడటానికి వెళ్తే ముందుగా ఇంజను మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే, మీరు రాకముందే లేపి ఉంచారన్నమాట. చల్లారేదాకా కూర్చుని అప్పుడు లేపమనండి, చల్లటి ఇంజను లేచే తీరే దాని అసలు ఆరోగ్యం. లేచాక సైలెన్సరు వెనక నిలబడి పొగ చూడండి. మొదట కొంచెం నీలి పొగ వచ్చి ఆగిపోతే వాల్వు గైడ్ల అరుగుదల, రోడ్డు మీద యాక్సిలరేటరు ఇచ్చినప్పుడల్లా వస్తే పిస్టన్ రింగుల అరుగుదల. నార్టన్ కమాండో వారాల తరబడి నిలిస్తే ఆయిలు ట్యాంకులోని ఆయిలు క్రాంక్‌కేసులోకి దిగిపోతుంది, లేపగానే పెద్ద పొగ వస్తుంది. అది ఆ బండి స్వభావం, భయపడనక్కర్లేదు. అలా దిగిన ఆయిలును తీసేసి లేపే అలవాటు యజమానికి ఉందో లేదో మాత్రం గమనించండి.

తరువాత ఇంజను నంబరు, ఫ్రేము నంబరు చూడాలి. ఆ కాలపు ట్రయంఫ్‌లు కర్మాగారం నుంచి రెండూ ఒకే నంబరుతో వచ్చేవి. 1969 నుంచి ఇంజను నంబరు చెక్కే చోట వెనక చిన్న చిన్న ట్రయంఫ్ గుర్తులు ముద్రించారు. నంబరును అరగదీసి కొత్తది కొడితే ఆ గుర్తులు కూడా పోతాయి కనుక మోసం బయటపడుతుంది. భూతద్దం తీసుకువెళ్లండి. హోండా సీబీ750లో ఇంజను, ఫ్రేము నంబర్లు మొదటి నుంచీ వేరువేరే, అది చూసి బేరం వదులుకోవద్దు. కాగితాల్లోని నంబర్లతో కలుస్తున్నాయా అన్నదే చూడాలి. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. మూడే అంకెలుంటే అది 2000కు ముందటి టైరు, దాని మీద ఇంటిదాకా కూడా నడపవద్దు. తళతళలాడే కొత్త రంగు, క్రోమియం కంటే, కాస్త వెలిసినా ఎవరూ చెడగొట్టని బండి మంచిదని నా అనుభవం. రంగు కింద ఏం దాగి ఉందో కొన్నాక గానీ తెలియదు.

కొత్త బండి విషయంలో బండి కంటే డీలరును ఎక్కువగా పరీక్షించాలి. సర్వీసు విభాగంలోకి వెళ్లి, అదే మోడలు ఒకటైనా పని జరుగుతూ కనిపిస్తోందా చూడండి. క్లచ్చు కేబులు, బ్రేకు ప్యాడ్లు, ఫిల్టరు ఇప్పుడు నిల్వలో ఉన్నాయా అని అడగండి. వాటికే ‘తెప్పిస్తాం’ అంటే పెద్ద భాగాలకు ఎంతకాలం పడుతుందో ఊహించుకోవచ్చు. చిప్పున్న తాళాలు రెండూ ఇచ్చారా చూసుకోండి. రెండూ పోతే చిన్న ఖర్చుతో తేలదు.

ఈ రెండింటి మధ్య 1990ల ఇటాలియన్ బండ్లున్నాయి. 1993 నాటి మొదటి డుకాటి మాన్‌స్టర్ 900, ఆ కాలపు 900 సూపర్‌స్పోర్టు, గుజ్జి కాలిఫోర్నియా వంటివి. మంచి డిస్కు బ్రేకులు, నమ్మదగిన ఇగ్నిషన్ ఉంటాయి, చాలావాటికి కార్బురేటర్లే కనుక ఇంట్లో పని చేసుకోవచ్చు. డుకాటికి బెల్టులు మార్చిన తేదీ కాగితం మీద చూడనిదే డబ్బివ్వవద్దు. 2000 తరువాతి మొదటి తరం ఎలక్ట్రానిక్ మీటర్లు, ఈసీయూలు (ఇంజనును నియంత్రించే కంప్యూటర్లు) ఉన్న బండ్ల విషయంలో నాకు సందేహం ఎక్కువ. 1960ల ఇంజనుకు పిస్టన్ చేసేవారు ఉన్నారు, ఇరవయ్యేళ్ల కిందటి డిజిటల్ మీటరు పోతే దాన్ని మళ్లీ తయారుచేసేవారు అరుదు. కొత్త వి7కూ రేపు ఇదే రావచ్చు. దాని మీద ఉన్న ఎలక్ట్రానిక్స్ తక్కువ కాబట్టి అంతగా బాధించదని నా నమ్మకం.

రోజూ నడపాలి, వానలో తిరగాలి, వెనక ఎవరినైనా కూర్చోబెట్టుకోవాలి, మరమ్మతులకు తీరిక లేదు అన్నవారికి కొత్త బండే సరి. వారిలో క్లాసిక్ మీద మనసున్నవారు వి7 తీసుకోవచ్చు. సెలవు రోజుల్లో తక్కువ దూరాలు, చేతులకు గ్రీజు అంటినా ఇష్టమే, ఆగితే కంగారు పడని స్వభావం ఉంటే, ఎక్కువగా తయారైన పాత మోడలును ఎంచుకోండి: బోనవిల్, బుల్లెట్, సీబీ750. ఎలక్ట్రిక్ స్టార్టు, ఎడమ గేరు, పొడిగా ఉండే ఇంజను ఉన్న సీబీ750 వీటిలో మొదటిసారి క్లాసిక్ కొనేవారికి అన్నిటికంటే సులువు. అరుదైన ఇటాలియన్ క్లాసిక్ మీద ప్రాణం పెట్టుకున్నవారు ముందు మెకానిక్కును వెతకండి, తరువాత బండిని. ఒకే బండికి చోటుండి ఎటూ తేల్చుకోలేకపోతున్నవారు మాత్రం ముందు కొత్తది కొని రెండేళ్లు నడపండి, ట్యాపెట్లు సర్దడం దాని మీదే నేర్చుకోండి. అప్పటికీ పాత బండి మీద కోరిక తగ్గకపోతే, ఆ పని చేతికి వచ్చి ఉంటుంది కనుక ధైర్యంగా కొనవచ్చు.